ఊటీ మబ్బుల్ల గద్వాల చీర

గద్వాలల మా చాయ్ హోటల్ బల్ల మీద కూసునేటోళ్లకు నేను మూడు సీజన్లు ఊటీల ఫోటోగ్రాఫర్‌గ పనిచేసొచ్చిన మనిషిని. ఈ సంగతి నేనే చెప్పిన. చెప్పంగ చెప్పంగ సగం నేనే నమ్మిన. ఊటీల బర్రెను పిండితే పాలు కాదు, సీదా ఐస్‌క్రీమే గిన్నెల పడ్తదన్న. ఒకనాడు నా కెమెరా సంచిల మబ్బు దూరితే చూస్కోక జిప్పు ఏసిన్నని, గద్వాల టేసన్ల దిగి సంచి తెరవంగనే ప్లాట్‌ఫారం మీద నలుగురు తడిసిన్రని చెప్పిన. అందరు నవ్వేటోళ్లు. ఒక్క మనిషి నవ్వకపోయేది. ఆయన మగ్గం నేసేటాయన. చాయ్ చల్లారేదాక గ్లాసు చేతుల పట్టుకొని, "మబ్బు అంత కిందికొస్తదా తమ్మీ?" అని అడిగిండు.

"మోకాళ్ల దాక వస్తదన్నా," అన్న.

అసలు ముచ్చట ఏందంటే, అప్పటికి నేను ఊటీ పోయే బస్సును గూడ చూసినోన్ని కాదు. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేండ్లయి ఉంటది. నాకు షాపు లేదు, బోర్డు లేదు. ఒక మోపెడ్, ఒక రీలు కెమెరా, ఎండకు రంగు మారిన ఫ్లాషు. ఇయ్యాల గట్టు ఊర్ల పెండ్లి, రేపు వీపనగండ్లల తొట్టెల ఫంక్షన్, ఎల్లుండి కోడేరుల ఎవరిదో గృహప్రవేశం. పనిలేని ఆదివారాలు నాగర్‌కర్నూల్ దాటి నల్లమల అంచున ఒక కొండ మలుపు కాడ నిలబడేటోన్ని. కార్లల్ల వచ్చినోళ్లను లోయ ఎనక పెట్టి ఫోటో తీసి, అడ్రసు రాస్కొని పోస్టుల పంపేటోన్ని. ఆ మలుపునే జర సాగదీసి ఊటీ చేసిన. నా అబద్ధం గోధుమపిండి అసోంటిది, జొన్నపిండి లెక్క మధ్యల ఇరగదు.

ఆషాఢం వచ్చింది. ముహూర్తాలు లెవ్వు. కెమెరా మీద బట్ట కప్పి నేను ఇంట్ల పండుకున్న ఒక పొద్దున, ఆ నేసేటాయన భార్యను ఎంటబెట్టుకొని మా గడప కాడికొచ్చిండు. చుట్టరికమేం లేదు గని వాళ్లను నేను అన్నా, వదినా అనేటోన్ని. ఆమె చేతుల ఒక సంచి, సంచిల తెల్లగుడ్డ చుట్టిన చీర.

"పట్నంల ఒక షాపు సేటు ఈ చీర మెచ్చిండు తమ్మీ," అన్నడు అన్న. "కొండ మీద, మబ్బుల మధ్య దీన్ని కట్టుకున్నట్టు ఫోటో తెమ్మన్నడు. మంచిగొస్తే షాపు బోర్డుకెక్కిస్తడంట. బోర్డుకెక్కిన చీరకే దసరా ఆర్డర్. శ్రావణం మొదటి శుక్రవారం లోపల ఇయ్యాలె."

"ఇయ్యకపోతే?"

"ఇయ్యకపోతే భీవండి," అన్నది వదిన. "ఈయన తమ్ముడు ఆల్రెడీ పోయిండు. ఆడ కరెంటు మగ్గాల కాడ పొద్దంత నిలబడాలె. ఈయన ఇరవై ఏండ్ల సంది మగ్గం గుంతల కాళ్లు పెట్టి కూసున్న మనిషి. గంట నిలబడితే గోడ పట్టుకుంటడు."

"నువ్వు మూడు సీజన్లు చేసినవు గదా," అన్నడు అన్న. "నీకు తెల్వని మూల ఉండదు."

నిజం చెప్పుదామని నోరు తెరిచిన. తెరిస్తే వచ్చిన మాట, "ఊటీ నా అరచెయ్యి అన్నా."

నిజంగ ఊటీల పనిచేసినోడైతే ఆషాఢంల ఎవడు ఆ కొండెక్కడు. ఆ వానలు, ఆ ముసురు నాకేం తెలుసు. పెండ్లిళ్లు లేని నెల గదా, ఇదే మంచి టైం అన్న.

పొయ్యేముందర అన్న ఒక్క మాట చెప్పిండు. "తమ్మీ, నేసినప్పటి మడత ఒకసారి ఇప్పితే అది ఇగ కొత్త చీర కాదు. ఇంకొకటి నేయాలంటే శ్రావణం దాటుతది. ఒక్కసారే."

గద్వాలల రైలెక్కి బెంగుళూరుల దిగినం. బస్టాండుల, చాయ్ తాగొస్త అని చెప్పి పోయి ఊటీ బస్సు ఏడ ఆగుతదో ముగ్గుర్ని అడిగిన. మైసూరు దాటినంక అడివొచ్చింది, అడివి దాటినంక మలుపులొచ్చినయి. ఒక్కొక్క మలుపు తిరిగిన కొద్ది నా అబద్ధం నాకు దగ్గరపడుతున్నది. ముందల సీట్ల కూసున్న వదిన ఎనకకు తిరిగి చూస్తున్నది.

"మూడు సీజన్లు చేసినోనివి, చలికోటు ఏది తమ్మీ?"

"చలికి అలవాటైన పెయ్యి వదినా."

"మరి పండ్లు ఎందుకు కొట్టుకుంటున్నయి?"

"సోంపు నములుతున్న," అని దవడ ఆడిచ్చిన. అర్ధచేతుల అంగి కింద రెండు బనీన్లు ఏస్కున్న, అయినా గడ్డ కడుతున్న. అన్న మాత్రం కిటికీల నుంచి మబ్బులు చూసుకుంట, "నువ్వు చెప్పినట్టే ఉన్నది," అన్నడు. ఆ మాటకు సంతోషపడాలెనో భయపడాలెనో తెల్వలే.

మరుసటి రోజు పొద్దుగాల లాడ్జి తలుపు తీస్తే ఎండ. లోయకు అవుతల దూరంగ మబ్బు, కొండ మీద పచ్చ. ఇంతకన్న మంచి ఫోటో ఇంకోటి ఉండదు. ఆన్నే, ఆ గడప ముందలే నిలబెట్టి తీస్తే అయిపోతుండె. కాని మూడు సీజన్ల మనిషి గడప ముందల తీస్తడా? "నాకు ఒక జాగ తెలుసు," అన్న. వదిన చీర కట్టుకొని పైనుంచి దుప్పటి కప్పుకున్నది. నేను ముందల నడిచిన. ఊటీల పెద్ద పూలతోట ఉంటదని విన్న, దానికి దారి కుడికి ఉంటే ఎడమకు తిప్పిన. ఒక సందుల నుంచి పోతే ఆలుగడ్డల మార్కెట్టొచ్చింది. ఎనకకు తిరిగితే బస్‌డిపో. ఎవరినన్న అడుగుదామంటే అన్న పక్కనే ఉన్నడు. గంటన్నర తిరిగి తోట గేటు కాడికి వచ్చేటాలకు కింది నుంచి మబ్బు లేచింది. చెట్లు పోయినయి, కొండ పోయింది, పది అడుగుల దూరంల ఉన్న వదిన కూడ సగం పోయింది.

మా దిక్కు సూర్యుడు ఒక్కటే మాట మాట్లాడ్తడు. కెమెరా చక్రాన్ని ఒక్క అంకె మీద పెట్టి మరిచిపోవచ్చు. ఈడ వెలుగు కొలిచే మీటర్ ముల్లు ఎటు చూపిస్తున్నదో దానికే తెల్వదు. అయినా కొట్టిన, ఒక రీలు మొత్తం కొట్టిన. రీలు అయినంక అన్న వదిన దగ్గరికి పోయి కొంగు పట్టుకొని చూసి ఆన్నే నిలబడిపోయిండు.

గద్వాల చీరకు నడిమంత నూలు, అంచు, కొంగు పట్టు. మబ్బు తడికి నూలుకున్న గంజి పోయింది. నూలు ముడుచుకున్నది, పట్టు ముడుచుకోలే. రెండు కలిసిన జోడు కాడ, చీర పొడుగునా, వాన పడ్డ అప్పడం లెక్క అలలు లేచినయి. అన్న వేళ్లతోని అంచు లాగి చూసిండు. ఇడిస్తే మళ్ల ముడుచుకున్నది.

తోట బయట ఒక చాయ్ కొట్ల కూసున్నం. పొయ్యి కాడ ఒక పెద్దామె. ఆ వేడికి నా పండ్లు కొట్టుకునుడు ఆగింది గని నోరు ఆగలే.

"వదినా, నేను ఊటీకి ఎన్నడు రాలే."

"ఆ సంగతి బెంగుళూరుల్నే తెలిసింది," అన్నది వదిన, చాయ్ ఊదుకుంట. "బస్సేదని నువ్వు ముగ్గుర్ని అడిగినవు. మూడో ఆయన బస్టాండు బెంచీ మీద నా ఎనకనే కూసున్నడు."

అన్నకు తెల్వదు. ఆయన నా దిక్కు తిరిగి చూసిన చూపు చెప్పరాదు. హోటల్ బల్ల మీద నేను చెప్పిన ముచ్చట్లకు నవ్వని ఒకే ఒక్క మనిషి ఆయన. ఎందుకు నవ్వలేదో అప్పుడు సమజైంది. గ్లాసు కింద పెట్టి, తల ఒంచుకొని, నాతోని మాట బందుపెట్టిండు.

వదిన పుట్టిల్లు రాయచూరు దిక్కు. ఆమె పొయ్యి కాడికి పోయి పెద్దామెతోని కన్నడల మాట కలిపింది. ఆ పెద్దామె మైసూరు పక్క నుంచి వచ్చినామె. ఇద్దరు నా దిక్కు చూసి నవ్విన్రు. నన్నేమన్నరో నేను అడగలే. మేము గంటన్నర తిరిగినా తెలుసుకోలేని సంగతి పెద్దామె ఒక్క నిమిషంల చెప్పింది. ఈ నెలల పొద్దు పొడిచినంక గంట సేపే బిసిలు, అంటే ఎండ. తొమ్మిది దాటితే అంత మబ్బే. తోటకెందుకు, మా ఇంటెనక ఆలుగడ్డల చేను అంచుకు నిలబడుండ్రి, లోయ మొత్తం కనిపిస్తది అన్నదంట.

"చీర?" అని నేనడిగిన.

"చీరది మాకు తెలుసు," అన్నది వదిన. "నువ్వు పట్టుకో అంటే పట్టుకో, ఇడువు అంటే ఇడువు. మధ్యల కథలు చెప్పకు."

పెద్దామె అన్నం గంజి ఇచ్చింది. గద్వాల వీధులల్ల పడుగు దారాలు పరిచి గంజి పెట్టినట్టు, ఆ కొట్టు ఎనక షెడ్డుల చీరను పొడుగునా పట్టినం. ఒక కొస అన్న, ఒక కొస నేను. వదిన పలుచని గంజిల గుడ్డ ముంచి నూలు వరకే, అంచుకు తగలకుండ, వేలు వెడల్పు చొప్పున తుడుచుకుంట వచ్చింది. కింద మూడు కుంపట్లు. అన్న లాగుతుంటే నేను అంతే లాగాలె, ఎక్కువ లాగితే అంచు సాగుతది, తక్కువైతే ముడత ఉంటది. ఆయన నోటితోని చెప్తలేడు గద, చీరతోనే చెప్తున్నడు. నా పక్క వదులైతే అటునుంచి చిన్న గుంజు వస్తది. పగలు పన్నెండుకు మొదలుపెడితే దీపాలు పెట్టేదాక నిలబడ్డం. ఆయన మోకాళ్లు వణుకుతున్నయి. కూసొమ్మన్న. కూసోలే.

తెల్లారి చేను అంచుకు వదిన నిలబడ్డది. ఎండ పడ్డది. చీర నిలబడ్డది. అలలు చాల తగ్గినయి, జోడు కాడ దగ్గరికి పోయి చూస్తేనే కనిపిస్తున్నయి. కెమెరాను పెద్దామె ఇంటి గోడ మీద పెట్టి తీసిన. పన్నెండు ఫోటోలు కొట్టిన్నో లేదో కింది నుంచి మబ్బు పాలు పొంగినట్టు పైకొచ్చింది. అన్న గొడుగు పట్టుకొని వదిన దిక్కు పరుగు తీసిండు.

రీళ్లు పట్నంల కడిగిచ్చినం. తోటల కొట్టినయి అన్ని బూడిదే. చేను కాడ తీసిన పన్నెండుల ఆరు నిలబడ్డయి. అన్నిట్ల మంచిదాన్ని తీస్కొని గురువారం షాపుకు పోయినం. సేటు ఫోటోను దూరం పెట్టి చూసిండు, దగ్గర పెట్టి చూసిండు.

"ఇది ఊటీయేనా? ఎనక అంత తెల్లగున్నది. మా గోడకు దుప్పటి కట్టి తీసినా గిట్లనే వస్తది."

జిందగీల మొదటిసారి నా దగ్గర నిజం ఉన్నది, నమ్మేటోడు లేడు. "ఊటీయే సేటు," అన్న. ఆ మాట నా నోటి నుంచి వస్తుంటే నాకే అబద్ధం లెక్క వినిపించింది.

వదిన సంచిల నుంచి చీర తీసి బల్ల మీద పెట్టింది. సేటు ముక్కు కాడ పెట్టుకొని, "పొగ వాసన," అన్నడు.

"ఆడ తడిసింది," అన్నడు అన్న. ఆయనకు అబద్ధం రాదు. "మడత ఇప్పినం. మంచుకు జోడు ముడుచుకున్నది. గంజి పెట్టి కుంపట్ల మీద ఆరబెట్టినం."

అయిపోయింది అనుకున్న. నన్ను అడిగితే నేను నాలుగు కథలు కట్టి గట్టెక్కిస్తుంటి. సేటు చీరను బల్ల పొడుగునా పరిచి, నూలు పట్టు కలిసిన కాడ బొటనవేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాక నడిపిచ్చిండు. మళ్ల ఎనకకు నడిపిచ్చిండు.

"తడిసి గింతనే ముడత ఉన్నదా?" అన్నడు. "నా దగ్గర కొన్నోళ్లు ఒక్క ఉతుకుకే అంచు ముడుచుకపోయిందని తెచ్చి మీదేస్తున్నరు. ఈ జోడు ఎవరు ఏసిన్రు?"

"నేనే."

"ఫోటో వద్దు. రెండు మగ్గాల చీరలు పంపు, దసరా దాక."

"మా ఇంట్ల నాలుగు మగ్గాలున్నయి సేటు," అన్నడు అన్న.

"రెండే."

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డం. అన్న మూడు చాయ్‌లు తెచ్చి ఒకటి నా చేతుల పెట్టిండు. నేను ఏదన్న అనాలె గదా అని, "రెండే ఇచ్చిండు," అన్న.

"రెండు మగ్గాలకు నేను, ఆమె సరిపోతం," అన్నడు. ఐదు రోజుల తర్వాత నాతోని మాట్లాడిన మాట అది. బస్సుల నా పక్క సీటు ఖాళీ ఉన్నా పోయి డ్రైవర్ ఎనక కూసున్నడు.

మిగిలిన రెండు మగ్గాల మీద దసరా దాక గోనెబట్ట కప్పే ఉన్నది. భీవండి పోయిన తమ్ముడు తిరిగి రాలే. అన్న మాత్రం ఆ యేడు భీవండి పోలే.