టూరు నుంచి రాకముందే రాసిన రిపోర్టు

దెయ్యాల కబుర్లంటే నాకు మొదటినుంచీ నవ్వులాటే. కూకట్‌పల్లిలో మేం దిగిన అద్దింట్లో ఎవరో ఉరేసుకున్నారని పక్కింటావిడ చెబితే, "పోనీలెండి, అందుకేగా ఇల్లు ఖాళీగా దొరికింది" అన్నదాన్ని. అలాంటి నన్ను ఒక ప్రభుత్వ రిపోర్టు భయపెట్టింది.

తొంభైల చివర్లో, మాదాపూర్‌లో ఐటీ భవనాలు లేస్తున్న రోజులవి. అక్కడి ఓ ప్రాజెక్టు ఆఫీసులో నేను అసిస్టెంటుని. టెక్నాలజీ పార్కుల కోసం ఇళ్లు ఖాళీ చేయించినప్పుడు జనానికి ఏం చేస్తారో చూసి నేర్చుకోవడానికి మా పెద్దసారూ, మరో నలుగురూ మలేషియా వెళ్లారు. వాళ్లు తిరిగొచ్చేలోపు స్టడీ టూర్ రిపోర్టు మేం రాసి ఉంచాలి. నవ్వకండి, మా ఆఫీసులో అదే పద్ధతి. చూసేది వాళ్లు, బ్రోషర్లు ముందేసుకుని రాసేది మేము.

మా ఆఫీసు ఊడ్చే యాదమ్మ ఇల్లు రాయదుర్గం వైపు గుట్టల దగ్గర. రోడ్డు కోసం తీసేస్తామని అప్పటికే నోటీసులిచ్చారు. "కూలగొట్టినంక వేరే జాగ సూపిస్తరంట. అప్పటిదాంక పిల్లలను తీస్కొని ఏడ ఉండాలమ్మా? జర పెద్దసారుకు చెప్పుండ్రి" అని నా దగ్గర ఏడ్చింది. సారు ఎదుట నోరు విప్పే ధైర్యం నాకెక్కడిది? అందుకని రిపోర్టులో చెప్పాను.

మలేషియా రబ్బరు తోటల్లో పనిచేసిన సూరమ్మ అనే తెలుగు ముసలావిడని పుట్టించాను. కొత్త ఇల్లు చేతికిచ్చాకే పాతది తీశారని ఆవిడ మా సారుతో చెప్పినట్టు రాశాను. కూల్చేసిన ఇంటి తాళంచెవిని ఇంకా కొంగున ముడేసుకుందని కూడా రాశాను. మనమూ అలాగే చేయాలని కింద సిఫారసు. సార్లు చదవకుండానే సంతకం పెడతారని నా ధీమా.

తిరిగొచ్చిన పెద్దసారు ఈసారి చదివారు. లోపలికి పిలిచి తలుపేయమన్నారు.

"సూరమ్మ సంగతి నీకెవరు చెప్పారమ్మా?"

కల్పించానని ఒప్పేసుకున్నాను. ఆయన నమ్మలేదు. మిగతావాళ్లు షాపింగుకి వెళ్తే తానొక్కరే టాక్సీలో, ఇళ్లు పోయినవాళ్లకి కట్టిచ్చిన కాలనీకి వెళ్లారట. అక్కడ ఒక ముసలావిడ నేను రాసిన మాటలే చెప్పిందట, ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదట. నా వెనక ఎవరున్నారు, ఎవరు ఫోన్ చేశారు అంటూ గుచ్చి గుచ్చి అడిగారు. నన్ను ఆటపట్టిస్తున్నారేమోనని నాకూ అనుమానమే. చివరికి అప్పుడే కడిగించిన ఫొటో ఒకటి బల్లమీద పెట్టారు. గుమ్మంలో ఓ ముసలావిడ. కొంగు చివర తాళంచెవి వేలాడుతోంది. ఫొటో వెనక సారు రాతలో సూరమ్మ అని ఉంది.

ఆయన ఆవిడని చూసింది గురువారం. నా డ్రాఫ్టు మీద మా సూపరింటెండెంటు పొట్టి సంతకం మంగళవారం నాటిది. సారు గోడమీది క్యాలెండరుతో ఆ తేదీని రెండుసార్లు సరిచూశారు.

"ఎవరైనా అడిగితే నేనేం చెప్పుకోను?" అంటూ ఆ పేరాని, దాని కింద సిఫారసునీ సారు కొట్టేశారు. బ్రోషర్లలోంచి నేను ఎత్తి రాసిందంతా ఆయన ఆకుపచ్చ సంతకంతో పైకి వెళ్లింది.

తర్వాత సూపరింటెండెంటునీ, టూరుకెళ్లిన నలుగురినీ విడివిడిగా కదిపి చూశాను. నా డ్రాఫ్టులో తప్ప ఆ పేరు ఎవరూ ఎక్కడా వినలేదు. ఎవరి మీద అనుమానపడినా అది రెండు రోజులు నిలవలేదు. సూరమ్మ నా కాగితం మీదికి ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ వానాకాలం యాదమ్మ పిల్లలు మా ఆఫీసు వరండాలో ఎందుకు పడుకున్నారో మాత్రం చెప్పగలను.