క్వాకు పక్కన నా సంతకం

2023 వేసవి. ఖతార్‌లో, దుఖాన్ దగ్గర ఒక నిర్మాణ సైటులో నేను సేఫ్టీ ఆఫీసర్‌ని. ఎండాకాలం మా దగ్గర బడ్డీ సిస్టమ్ ఉంటుంది. పనివాళ్లను ఇద్దరిద్దరిగా జత చేస్తాం. ఒకడు నీళ్లు తాగుతున్నాడా, మాట తడబడుతోందా, మనిషి మామూలుగా ఉన్నాడా అని రెండోవాడు చూస్తుండాలి. చూసినట్టు రోజూ షీటు మీద సంతకం పెట్టాలి.

స్కాఫోల్డింగ్ గ్యాంగులో, అంటే ఎత్తు పనులకు ఇనుప పైపుల మంచెలు కట్టేవాళ్లలో, పదిమంది జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లు. పదకొండోవాడు క్వాకు, ఘనా దేశస్థుడు. పదిమందికి జతలు కుదిరాయి.

"క్వాకును ఎవరితో వేద్దాం?" అని ఫోర్‌మన్ మల్లేశంను అడిగాను.

"వానికెందుకు సార్ బడ్డీ? ఎండల పుట్టినోడు. వానికేం గాదు."

"ఎండ గూడ వాన్ని గుర్తువట్టది సార్," అన్నాడు వెనక నుంచి గ్యాంగులోని రాజన్న. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నల్లని ఒంటికి వడదెబ్బ తగలదనడం శుద్ధ అబద్ధం. పుట్టుకను బట్టి మనిషిని కొలిచేవాళ్లను మా ఊళ్లో వేదికలెక్కి నిలదీసినవాణ్ణి నేను. కానీ ఆ పూట నాకు ఆడిట్ తొందర. షీటులో ఖాళీ ఉండకూడదు కాబట్టి క్వాకు పక్కన నా పేరే రాసేసుకున్నాను. ఆ సంగతి అతనికి చెప్పలేదు. రోజూ ఏసీ క్యాబిన్‌లో కూర్చునే సంతకం పెట్టాను.

ఐదో వారంలో ఒక ఉదయం క్వాకు మూడో అంతస్తు మంచె మీద సేఫ్టీ బెల్టు హుక్కు పైపుకు తగిలించకుండా నిలబడి కనిపించాడు. కిందికి పిలిచాను. మేమిద్దరం ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్లం.

"హుక్కు ఎందుకు పెట్టలేదు?"

"పెట్టకపోతే ఎవరు చూస్తారు సార్?"

"నీ బడ్డీ ఎవరు?"

"నాకెవరూ లేరు. ఇక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు. 'కాలా' అంటారు, నల్లవాడని. పలుకుతాను."

సరిగా నిద్రపోయి ఎన్నాళ్లయిందో గుర్తులేదన్నాడు. తిండి సయించడం లేదన్నాడు. వెంటనే క్లినిక్‌కు తీసుకెళ్లాను. డిప్రెషన్ అన్నారు డాక్టరు. నయమవుతుంది, కానీ ఒంటరిగా వదలొద్దు, ఎత్తు మీదికి ఎక్కించొద్దు అన్నారు.

మర్నాడు పని మొదలయ్యే ముందు గ్యాంగును నిలబెట్టి, ముందుగా నా దొంగ సంతకాల సంగతే తెలుగులో చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"నేనుంట సార్ వానికి," అన్నాడు మల్లేశం. మళ్లీ తానే దిద్దుకుని, "క్వాకుకు," అన్నాడు.

అప్పటినుంచి "యల్లా క్వాకు, చాయ్" అని, రా పోదాం అన్నట్టు, మల్లేశం పిలిచేవాడు. అతను వచ్చి కూర్చునేవాడు. కప్పు చేతిలోనే చల్లారేది. నెల తిరక్కముందే తనను ఇంటికి పంపమని క్వాకు రాసిచ్చాడు.

వెళ్లే రోజు క్యాబిన్‌కు వచ్చి, తనకు బడ్డీగా ఎవరి పేరుందో చూడాలని పాత షీట్లు చూపించమన్నాడు. తన పేరు మీద వేలు పెట్టి, పక్క గడి దాకా జరిపాడు.

"మీరా సార్?"

"నేనే."

కాగితాలు సర్ది బల్ల మీద పెట్టాడు. "మీ దస్తూరి బాగుంది," అని వెళ్లిపోయాడు. తర్వాత నేను పంపిన రెండు మెసేజ్‌లకు జవాబు రాలేదు.

మూఢనమ్మకం ఎప్పుడూ ఎదుటివాడిదేనని అనుకుంటూ వచ్చాను. నా పని తగ్గించిన నమ్మకాన్ని మాత్రం నేను ప్రశ్నించలేదు. ఇప్పుడు ఆ గడి నేను నింపను. షీటు, పెన్ను జతలోని ఇద్దరి చేతికే ఇస్తాను. ఒకరి పేరు ఒకరు పైకి పలికాకే పని మొదలు.