గొడుగు కింద ఇద్దరు

ఎనిమిదేళ్లపాటు మేమిద్దరం మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆఫీసు వెనక దారిలో నడిచాం. ఆమె చైనా మనిషి, నా టీమే. వాన పడినా మానేవాళ్లం కాదు. మేముండే రెడ్‌మండ్‌లో వానకి భయపడితే ఏడాదిలో సగం రోజులు లోపలే కూర్చోవాలి. గ్రీన్‌కార్డు, పిల్లల లెక్కల క్లాసులు, అత్తగార్లు, మేనేజరు, ఇవే మా కబుర్లు. ఆమె గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. ఒకరిని నా మనిషి అనుకున్నానంటే వాళ్లు ఇంకొకరితో నవ్వినా నాకు పడదు. చిన్నప్పుడు బడిలో నా పక్కన కూర్చునే పిల్ల వేరే పిల్లకి పెన్సిలిస్తే ఆ రోజంతా దానితో మాట్లాడలేదు. నలభై దాటినా ఆ బుద్ధి మారలేదు.

టిబెట్ ఆవిడని ఆమెకి పరిచయం చేసింది నేనే. మా అమ్మాయి స్కూలయ్యాక ఉండే డేకేర్‌లో ఆవిడ పని చేస్తుంది. పుట్టింది కర్ణాటకలో, మైసూరు వైపు టిబెట్ శరణార్థుల కాలనీలో. నాతో హిందీలో మాట్లాడుతుంది, దీదీ అని పిలుస్తుంది, పులిహోర అడిగి మరీ పెట్టించుకుంటుంది. కాబట్టి ఆవిడ కూడా మన మనిషే అనుకున్నాను. మా అమ్మాయి పుట్టినరోజుకి ఇద్దరినీ పిలిచాను. కేకు కోసే వేళకి చూస్తే ఇద్దరూ వంటింట్లో సింకు దగ్గర నిలబడి ఉన్నారు. ఇద్దరి మొహాల్లోనూ నవ్వు లేదు, అయినా ఎవరూ కదలడం లేదు. రెండుసార్లు పిలిచాను. రెండుసార్లూ "వస్తున్నాం" అన్నారు.

ఆ తర్వాత లైబ్రరీలో ఒక గది బుక్ చేసుకుని, చైనాకీ టిబెట్‌కీ ఉన్న గొడవ మాట్లాడుకోవడానికి శనివారాలు కలుసుకోవడం మొదలుపెట్టారు. చైనా వాళ్లు నలుగురు, టిబెట్ వాళ్లు నలుగురు. "కావాలంటే నువ్వూ రా" అంది నా స్నేహితురాలు, రాకపోయినా పర్వాలేదన్నట్టు. ఫ్లాస్కు నిండా టీ పట్టుకుని వెళ్లాను.

అక్కడ నియమాలు రెండే. మొదటిది, ఫోటోలు తీయకూడదు. అందరి అయినవాళ్లూ ఇంకా చైనాలో, టిబెట్‌లో ఉన్నారు, ఫోటో అక్కడి ప్రభుత్వం కంట పడితే వాళ్లకి ముప్పు. రెండోది, ఎదుటి మనిషి చెప్పిన మాటని ముందు తిరిగి చెప్పాలి. ఆ మనిషి "అవును, నేనన్నది అదే" అనేదాకా జవాబివ్వకూడదు.

ఆ రోజు టిబెట్ ఆవిడ ముందు మాట్లాడింది. "మా పెదనాన్న మనవడు టిబెట్‌లో హాస్టల్ బడిలో చదువుతున్నాడు. సెలవులకి ఇంటికొస్తే వాడికి చైనా భాష తప్ప రాదు. వాళ్ల నాయనమ్మకి ఆ భాష రాదు. ఇద్దరూ టీవీ ముందు కూర్చుంటారట."

నా స్నేహితురాలు తిరిగి చెప్పింది. "మీ ఇంట్లో ఒక పిల్లాడు మీ భాష మర్చిపోయాడు."

"కాదు. వాడు మర్చిపోలేదు. వాడికి నేర్పనివ్వలేదు."

నా స్నేహితురాలు టీ కప్పు కింద పెట్టింది. "వాడికి నేర్పనివ్వలేదు" అంది.

"అవును, నేనన్నది అదే."

తర్వాత వంతు నా స్నేహితురాలిది. "మా నాన్న టిబెట్ కొండల్లో రోడ్లు వేయడానికి వెళ్లాడు. ఊపిరందని చోట ఏళ్ల తరబడి పని చేశాడు. తిరిగొచ్చాక దగ్గి దగ్గి పోయాడు. మేం మీకు మంచే చేశామనుకుంటూ పెరిగాను నేను. నువ్వు మాట్లాడిన ప్రతిసారీ ఆయన ఫోటో గోడ మీంచి దించమంటున్నట్టు ఉంటుంది."

టిబెట్ ఆవిడ ఒక్క ముక్క వదలకుండా తిరిగి చెప్పింది, దగ్గుతో సహా. ఆ తర్వాత జవాబిచ్చింది. "ఫోటో దించమని నేననను. ఆ రోడ్డు మమ్మల్ని అడిగి వేయలేదని మాత్రం అంటాను."

గదిలో అందరూ ఆ మాట గురించి ఆలోచిస్తున్నారు. నేను మాత్రం వేరే సంగతికి కుతకుతలాడిపోతున్నాను. ఎనిమిదేళ్లు కలిసి నడిచాం. ఆమెకి అలాంటి నాన్న ఉండేవాడని నాకు తెలియదు. నేను వాళ్ల నాన్న గురించి ఏనాడైనా అడిగానా అని మాత్రం నాకు తట్టలేదు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. "వాళ్లవి పెద్ద పెద్ద గొడవలు. మధ్యలో నీకేంటి ప్రాబ్లం?" అన్నాడు.

"నాకేం ప్రాబ్లం లేదు."

"మరి గిన్నెలెందుకు అలా విసిరేస్తున్నావ్?"

రెండు నెలలు టీ మోస్తూనే ఉన్నాను. ఒక శనివారం మీటింగయ్యాక నేను కారెక్కి కూర్చున్నాను. బయట వాన. వాళ్లిద్దరూ లైబ్రరీ బోర్డు పక్కన ఒకే గొడుగు కింద తలలు దగ్గర పెట్టుకుని దేనికో పగలబడి నవ్వుతున్నారు. లోపల అంతసేపు వాదించుకున్న మనుషులు. నాతో నడిచేటప్పుడు ఆమె అలా నవ్వి ఎన్నాళ్లయిందో. ఫోన్ తీసి ఫోటో తీశాను. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "ఒకరు చైనా, ఒకరు టిబెట్. కలిపింది నేనే" అని కింద రాశాను. నియమం మర్చిపోయానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. మర్చిపోలేదు. వాళ్లిద్దరి మధ్యా నేనున్నానని ఎవరో ఒకరు చూడాలి, అంతే. పది నిమిషాలకి భయమేసి తీసేశాను. అప్పటికే ముక్కూమొహం తెలియని ఇద్దరు మెచ్చుకుంటూ బొటనవేళ్లు పెట్టారు. ఆ ఫోటోని ఎవరు దాచుకున్నారో, ఎవరికి పంపారో తెలియదు.

మూడు వారాలకి నా స్నేహితురాలు నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. చైనాలో వాళ్ల ఊళ్లో వాళ్లమ్మ ఇంటికి ప్రభుత్వం మనుషులు ఇద్దరు వచ్చారట. మర్యాదగా కూర్చుని టీ తాగి, మీ అమ్మాయి ఎవరితో గొడుగు కింద నిలబడుతోందో మీకు తెలుసా అని అడిగారట. వేసవికి ఇక్కడికి రావాల్సిన ఆ తల్లి పాస్‌పోర్టు చూస్తామని పట్టుకెళ్లారట. కొన్నాళ్లు ఫోన్ చేయొద్దని కూతురికి చెప్పింది.

"మాలోనే ఎవరో ఫోటో తీశారు" అంది ఆమె.

గొడుగు అనగానే అది నేను తీసిన ఫోటోయేనని తెలిసిపోయింది. తీసింది నేనేనని మాత్రం చెప్పలేదు.

కొత్తగా చేరిన చైనా కుర్రాడిని కొందరు అనుమానించారు, టిబెట్ వాళ్లలో ఒకాయనని ఇంకొందరు. శనివారాలు ఆగిపోయాయి. నా స్నేహితురాలు మళ్లీ పూర్తిగా నాదైంది. మధ్యాహ్నాలు గంటకి పైగా నడిచేది, భయాలన్నీ నాకే చెప్పుకునేది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఆ రెండు వారాలూ నాకు బాగుంది.

తర్వాత ఒక సాయంత్రం డేకేర్ గుమ్మం దగ్గర టిబెట్ ఆవిడ నా చేయి పట్టుకుంది. "దీదీ, ఆమె నా ఫోన్ ఎత్తడం లేదు. నేనేమైనా తప్పు మాట్లాడానా?" అని అడిగింది. మా అమ్మాయి బ్యాగు తగిలించుకుని "బై ఆంటీ" అంటూ ఆవిడని వాటేసుకుంది. 

మర్నాడు నడక దారిలో బెంచీ మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. ఆమె అరవలేదు, ఏడవలేదు. తడిసిన బెంచీ మీద చేతులు ఒళ్లో పెట్టుకుని చివరిదాకా వింది. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టింది.

"మేమిద్దరం దగ్గరవడం నువ్వు ఓర్వలేకపోయావు. నియమం తెలిసీ ఫోటో తీశావు. మమ్మల్ని కలిపింది నువ్వేనని అందరికీ తెలియాలని గ్రూపులో పెట్టావు. మా అమ్మకి జరిగింది విన్నాక కూడా రెండు వారాలు నా పక్కనే నడిచావు."

ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. నన్ను ఎవరూ అంత శ్రద్ధగా విన్నది లేదు.

"అవును, నేనన్నది అదే" అన్నాను.

ఇక జవాబు ఆమె వంతు. ఆమె లేచి ఆఫీసు వైపు వెళ్లిపోయింది.

ఆ శనివారం లైబ్రరీ మీదుగా వెళ్తూ పార్కింగ్‌లో ఆమె కారు చూశాను. పక్కనే టిబెట్ ఆవిడ కారు. సంతోషించానని రాయాలని ఉంది. మళ్లీ కుళ్లుకున్నాను.