అత్తగారి కారుకి కొత్త ఫ్యాను

మా వీధి మెకానిక్‌ని అందరూ ఆవిరక్క అంటారు. ఏ ఇంజనూ కాగకముందే ఆవిడ కాగిపోతుంది. స్పానరు చేతికందకపోతే స్పానరునే తిడుతుంది.

ఆవిరక్క తన అత్తగారి పాత కారు ట్రాఫిక్‌లో వేడెక్కుతోందని ఓ ఆదివారం రేడియేటరు ముందు కరెంటు ఫ్యాను బిగించింది. పెళ్లినాటి నుంచీ ఆ కారు నడిపింది అత్తగారే. పక్కన నిలబడి చూస్తూ, "అమ్మాయ్, ఆ వైరు..." అనబోయారు.

"మీరు కాస్త నోరు మూసుకుంటారా అత్తయ్యా! నాకే నేర్పుతారా?" అని కసిరి, అన్ని కార్లకీ చేసినట్టే ఫ్యాను నల్ల వైరు, అంటే మైనస్సు, బాడీకి కలిపేసింది.

ఫ్యాను రయ్యిన తిరిగింది. అత్తగారిని వెనక సీట్లో ఎక్కించుకుని బయల్దేరితే, మొదటి సిగ్నల్ దగ్గరే బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసకొట్టింది. ఆవిరక్క తోక తొక్కిన తాచులా దిగి, ఫ్యాను చేసినవాణ్ణీ, అమ్మినవాణ్ణీ, వాళ్ల ఏడుతరాలనీ ఉతికి ఆరేసింది. అప్పుడు గ్రిల్లు ముందు చెయ్యి పెట్టి చూసింది. గాలిని లోపలికి తొయ్యాల్సిన ఫ్యాను వేడిగాలిని ముఖాన కొడుతోంది.

"ఇదేంటి, వెనక్కి తిరుగుతోంది!"

"ఈ కారుకి అన్నీ తిరకాసే. దీని బ్యాటరీ ప్లస్సే బాడీకి ఉంటుంది, అందుకని ఫ్యాను ప్లస్సు కూడా బాడీకే కలపాలి. అప్పుడే ఫ్యాను సరిగ్గా తిరుగుతుంది," అన్నారు అత్తగారు తాపీగా.

"తెలిసీ ఊరుకున్నారా? గట్టిగా అరిచి చెప్పొచ్చుగా!" అని వీధంతా వినబడేలా అరిచింది.

"మనింట్లో అరవడానికి నువ్వు ఖాళీ ఎక్కడ ఉంచావే?"