ఏత్వం లేని కాగితం

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు, లింగంపల్లిలో మా కిరాయి ఇంట్లో, నేను మొదటిసారి ఒక కాగితాన్ని ఎవరి సాయం లేకుండా చదివాను. చదవకుండా ఉంటే బాగుండేది.

అది బీడీ మానేస్తామని పదకొండు నెలల కింద రాసుకున్న ఒట్టు. రాసింది నా బామ్మర్ది. హైటెక్ సిటీలో ఒకే ఆఫీసు గేటు దగ్గర ఇద్దరం వాచ్‌మన్లం, నాది పగలు, వాడిది రాత్రి. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. "మేమిద్దరం ఇగ బీడీ ముట్టం" అని చదివి వినిపించాడు. నేను వేలిముద్ర వేశాను, వాడు సంతకం పెట్టాడు. నా భార్య దాన్ని బైబిల్లో దాచింది.

మానడం మాటలు కాదు. డ్యూటీలో చెయ్యి తనంతట తనే జేబులోకి పోయేది. టీ బండి దగ్గర సాఫ్ట్‌వేర్ పిల్లలు వదిలే పొగకు సిగ్గు లేకుండా ఎదురెళ్లి నిలబడేవాణ్ణి. "నాకు గూడ పానం గుంజుతుంది బావా, జర ఓర్సుకో" అనేవాడు డ్యూటీ మారేటప్పుడు బామ్మర్ది. వాడు ఓర్చుకుంటుంటే నాకేం రోగం అనుకునేవాణ్ణి. ఆ మాట పట్టుకునే నిలబడ్డాను.

తర్వాత చర్చిలో పెద్దవాళ్లకు పెట్టిన క్లాసులో అక్షరాలు నేర్చుకున్నాను. ఆ ఆదివారం బామ్మర్ది అన్నానికి వస్తే, నా చదువు చూపించుకుందామని కాగితం తీశాను.

మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. మకు ఏత్వమిస్తే మే. ఇక్కడ దీర్ఘం ఉంది. నేనే తప్పు చదువుతున్నానేమోనని వేలు పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. మా... బా... వ. "మా బావ ఇకనుంచి బీడీ తాగడు." వాడి సంతకం పైన ఇంకో మాట: సాక్షి.

"ఏందిరా ఇది?"

"నీ మంచికే బావా. ఇద్దరమంటెనే నువ్వు మానుతవని గట్ల చదివిన." నవ్వాడు. "అక్కకు ఎర్కనే."

నా భార్య కూర గిన్నె మీద మూత సర్దుతోంది. "మానినవా లేదా? ఇగ లొల్లెందుకు?" అంది.

నవ్వుతున్న వాడి చొక్కా జేబులోంచి బీడీ కట్ట తొంగిచూస్తోంది. అది లాగి ఒక బీడీ నోట్లో పెట్టుకున్నాను. ఆకు రుచికి కళ్లు మూతపడ్డాయి.

"అగ్గిపెట్టె ఇయ్యి."

"సాక్షిని గద బావా, నేనెట్ల ఇస్త?"

వంటగదిలో అగ్గిపెట్టె ఉంది, నాలుగడుగుల దూరం. లేచాను కూడా. తాగితే వాళ్లకు ఇంకో నవ్వు దొరుకుతుందని ఉమ్మేశాను.

ఇప్పటికీ తాగలేదు. కాని ఆనాటి దాకా నాకు ఒక తోడుండేది.

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది నా భార్య, నా బామ్మర్ది, నేను. ఒట్టులో ఉన్నది నేనొక్కణ్ణే.