హజీరా రొట్టె ఎందుకు విరిగింది

సీతాఫల్‌మండి హజీరా కోపానికి వేళాపాళా లేదు. ఆమె జొన్నరొట్టెకు ఉంది. రైల్వే పనివాళ్లు పొద్దున్నే వచ్చి రొట్టె కొని, నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని పోయేవాళ్లు. అయినా విరిగేది కాదు.

పోలీస్ యాక్షన్ అయిన మూడేళ్లకు విరగడం మొదలైంది. రేషన్ దుకాణంలో ఓడల మీద వచ్చిన ఎర్ర జొన్నలు ఇస్తున్నారు. ఉడుకునీళ్లు పోసి ఎంత పిసికినా ఆ పిండికి జిగురు రాదు. "రొట్టెనా, పెంకా?" అంటూ రైల్వే వాళ్లు ఒక్కొక్కరే హోటల్ దారి పట్టారు. ఆ పొయ్యి ఆరితే హజీరాకు వేరే బతుకుదెరువు లేదు.

విరిగిన రొట్టెలు మూటగట్టి, రేషన్ గుమాస్తా బ్రహ్మచారి ముందు కుమ్మరించింది.

"ఏందీ సాబ్ గిది? మన తెల్ల జొన్నలు ఏడవొయినయ్?"

"బజార్ల దొరుకుతలేవమ్మా. గివి దూరదేశంకెళ్లి తెప్పిస్తున్నరు. అసలు ధర పిరమే. సర్కారు సబ్సిడీ ఇచ్చి అగ్గువకు అమ్ముతుంది."

"సబ్ సీదానా, అంత సక్కగున్నదా? ముక్కలు ముక్కలైతే సీదా ఏడున్నది?"

"సీదా కాదమ్మా, సబ్సిడీ!"

"నేను గదే అంటున్న!"

వరుసలో ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. ఆమెకు అర్థం కాలేదంటే నేను నమ్మను. తిట్టడానికి మాట కుదిరింది, వదల్లేదు, అంతే.

అట్నుంచి అటే బోయిన్‌పల్లి నడిచింది. ఏటా ఆమెకు తెల్ల జొన్నలిచ్చే రైతు పర్వతాలు చేలో ఈసారి ఆముదం మొక్కలున్నాయి.

"జొన్నలేవి తమ్మీ?"

"సర్కారు జొన్నలు గంత అగ్గువైతే నావి ఎవలు కొంటరక్కా? ఆముదాలు ఓడెక్కి విదేశం పోతయి, మంచి ధర."

"మన ఆముదాలు ఓడెక్కుడు, వాళ్ల జొన్నలు ఓడ దిగుడు, నడుమ నా పొయ్యి ఆరుడు! నీ ఇంట్ల ఏం తింటున్నరు?"

పర్వతాలు నేలచూపులు చూశాడు. "గవే ఎర్రవి."

"రొట్టె?"

"విరుగుతుంది. మా ఇంటామె రోజూ తిడుతుంది."

"జెర గట్టిగ తిట్టుమను!"

పండిందంతా తనే కొంటానని మాటిచ్చి, పోట్లాడి, బావి పక్క ఎకరంలో తెల్ల జొన్నలు వేయడానికి ఒప్పించింది. పంటకు నాలుగు నెలలు. అందాకా ఎర్ర జొన్నలు రవ్వ విసిరి గట్క వండింది. మెత్తటి ముద్ద, విరగడానికేముంది? మొదటి రోజు రైల్వే వాళ్లు ఇద్దరే వచ్చారు. చూసి మూతి ముడిచారు.

"తినుండ్రి! నమిలే తక్లీఫ్ సుత లేదు," అని గంటె ఎత్తి, తిడుతూనే చెరో చెంబు మజ్జిగ పోసింది.