మేతకు కొండ తెరిచిన దొర

మంగళవారం పొద్దున స్కూటరుకు గాలి కొట్టించుకుంటుంటే ఫోన్ వచ్చింది. "చిన్నాయనా, నాయన పోయినాడు" అన్నాడు గుంతకల్లు నుంచి మా అన్న కొడుకు. గాలి కొట్టేవాడు "అన్నా, ఎనక చక్రానికి గూడానా?" అని రెండుసార్లు అడిగితే గానీ నాకు వినబడలేదు.

మా జిల్లాలో నాటకాలు చూసినవాళ్ళకు ఆయన తెలిసే ఉంటారు. పేరు తెలియకపోవచ్చు, అందరూ 'బ్రిటిష్ యాక్టర్' అనే పిలిచేవాళ్ళు. ఇంగ్లండు ఏ దిక్కున ఉందో కూడా ఆయనకు పట్టలేదు. గుంతకల్లు లోకో షెడ్డులో ఫిట్టరు. పనిలో ఉంటే చేతుల నిండా నల్లటి గ్రీసు, నాటకం ఉంటే మొహం నిండా తెల్లటి సఫేదా. ముప్పై ఏళ్ళు ఒకే వేషం కట్టారు, తెల్లదొర. ఆయన మీద తిరగబడే పాలెగాణ్ణి నేను. తోడబుట్టినవాళ్ళం కాకపోయినా మొదటి రోజు నుంచీ నాకు ఆయన అన్నే.

దొర వేషం కోసం మీసం తీసేసేవారు. మా సీమలో మీసం లేని మగవాణ్ణి చూస్తే ఇంట్లో పెద్దవాళ్ళెవరో పోయారనుకుంటారు. కొత్త ఊళ్ళో దిగగానే ఎవరో ఒకరు జాలిగా "ఎవరు పోయినారప్పా?" అని అడిగేవారు. "ఇంకా పోలేదు. సాయంత్రం వీడు పోతాడు, తప్పకుండా రాండి" అని నన్ను చూపించేవారాయన.

వేదిక మీద ఆయన ఒక్కనాడూ అరవలేదు. చేతి తొడుగు వేలు వేలుగా లాక్కుంటూ నెమ్మదిగా మాట్లాడేవారు. "అరిచేవానికి లోపల బయం ఉంటాదప్పా. దొరకేం బయం? నువ్వు అరువు, నీకుండాది" అనేవారు. ఆ నెమ్మదికే జనం పళ్ళు కొరికేవాళ్ళు. ఆట అయ్యాక భోజనాల దగ్గర ఒకామె ఆయన విస్తరి దాటుకుంటూ పోయి, "ఆ పాపిష్టోనికి పప్పొకటా?" అని మొహం మీదే అనేసింది. అన్న పొంగిపోయారు. "ఈ పొద్దు బాగ జేసినట్టే" అని నా విస్తట్లో ముద్ద తీసుకుని తిన్నారు.

నా మొదటి నాటకంలో ఒక్క మాటా గుర్తుకు రాలేదు. ఎదురుగా దొర. ఆయన ఒకడుగు ముందుకేసి, "ఏమిరా, నీ తల తెగినా నా ముందు వంగదని చెప్పబోతున్నావా?" అన్నారు. "అవును దొరా!" అని అరిచాను. ఈలలే ఈలలు. నా మాట నాకు అందించి, చప్పట్లు నాకే వదిలేసిన మనిషి ఆయన. ఈ కృతజ్ఞత నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. ఎందుకో చెప్పాలి.

పన్నెండేళ్ళ కిందట గార్లదిన్నె దగ్గరి ఒక పల్లెలో ఆట. వరసగా వానల్లేవు. కొండ మీద మొక్కలు నాటి, ఆ ఏడు ఫారెస్టువాళ్ళు అక్కడా మేత ఆపేశారు. మా నాటకంలోనూ దొర పశువులను కొండెక్కనివ్వడు, దాని మీదే పాలెగాడు తిరగబడతాడు. ఆ తిరుగుబాటు పద్యం వినడానికి రాష్ట్ర పోటీలకు మనుషుల్ని ఎంపిక చేసే పెద్దలు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నాకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

దొర మేత ఆపుతూ ఆజ్ఞ చదివాడు. జనంలోంచి ఒక అవ్వ లేచి, నేరుగా వేదిక ఎక్కి ఆయన కాళ్ళు పట్టుకుంది. "దొరా, గొడ్లు సచ్చిపోతాండాయి. కొండ ఇడువు సామీ!"

"చస్తే నాకేమి?" అనాలి దొర. అనలేదు. టోపీ తీసి గొంతుక్కూర్చున్నారు. "లెయ్యవ్వా. కొండ ఇడిచినా. రేపట్నుంచి గొడ్లను తోలుకో" అన్నారు, తన సొంత గొంతుతో.

ఊరు ఊరంతా లేచి చప్పట్లు కొట్టింది. నేను కత్తి దూసుకుని వచ్చి పద్యం ఎత్తుకోబోయాను. "ఏమప్పా, దొర ఒప్పుకున్నాడు కదా, ఇంగ నీకేమొచ్చె? పో, పో!" అని ఒకాయన కసిరాడు. అందరూ నవ్వారు, పోటీల పెద్దలు కూడా. నాటకం అంతటితో ఆఖరు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు మా నాటక సమాజం పెద్దలు పిలిపిస్తే అన్న రాలేదు. ఆ పైరోజూ రాలేదు. "చూడండి ఎంత పొగరో! ఆయనన్నా ఉండాల, నేనన్నా ఉండాల" అన్నాను. నా మాటే నెగ్గింది. ఆయన్ను దొర వేషంలోంచి తీసేశారు.

కొన్ని నెలలకు గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద కనబడ్డారు. నిండుగా మీసం. "ఎట్లుండాదప్పా? మీ వదినకు బాగ నచ్చింది" అని మెలితిప్పారు. వేషం తీసేయించింది నేనేనని అప్పుడే చెప్పేయాల్సింది. నవ్వేసి రైలెక్కాను. ఆ తర్వాత ఎన్నిసార్లు కలిసినా నోరు పెగల్లేదు. పిరికివాణ్ణి. ఏడేడు ఊళ్ళలో పాలెగాణ్ణి!

ఈ మంగళవారమే వాళ్ళింటికి పోయి, అంతా అయ్యాక, వదిన పక్కన కూర్చుని చెప్పేశాను. "వదినా, అన్న వేషం తీసేయించింది నేనే."

"తెలుసులే. ఆయప్పకూ తెలుసు" అంది వదిన. "పిలిస్తే రాలేదనే కదా పొగరంటివి? దొర చెప్పినాడు కదా అని ఆ యవ్వ తెల్లారేసరికి గొడ్లను కొండకు తోలేసింది. ఫారెస్టు కాపలావాళ్ళు గొడ్లను పట్టి కట్టేసినారు. కబురు తెలిసి మీయన్న డ్యూటీ ఇడ్సిపెట్టి పరిగెత్తినాడు. 'తప్పు నాది సామీ, ముసల్దానికి ఏమీ తెలీదు' అని రెండు దినాలు వాళ్ళ గేటు కాడే నిలబడి, ఇడిపించుకుని వచ్చినాడు."

"నాకొక మాట చెప్పకూడదా వదినా?"

"నేనూ అదే అంటి. 'వాడు పద్యం పోయిందని ముందే ఏడుస్తాండాడు, ఇది గూడా చెప్తే ఇంకా ఏడుస్తాడు, ఇడువు' అన్నాడు."

అప్పుడు ఏడ్చాను. నలుగురూ చూస్తున్నారనైనా లేకుండా ఏడ్చాను.

ఎంత తలుచుకున్నా ఇప్పుడు నాకు దొర వేషంలో అన్న కనబడటం లేదు. నేను చూడనిదే కనబడుతోంది. మిట్టమధ్యాహ్నపు ఎండ, డొక్కలు తేలిన నాలుగు ఆవులు, ముందు ఆ అవ్వ. వెనకాల, చేతిలో ఒక కంపకొమ్మ పట్టుకుని, "హో... హో..." అని వాటిని ఇంటికి తోలుకొస్తున్న మా అన్న.